గోడ మీద ఏమీ లేదని టిక్కు పెట్టాను

పనితనం అనే పాతకాలపు జబ్బు నుంచి మన నగరాన్ని కాపాడుతున్న మహానుభావులకి ముందుగా రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాను.

నవ్వకండి. ఆ జబ్బు మనుషుల్ని ఎంత పీడించిందో మీకు తెలియదు. బొమ్మ గీయాలంటే పదేళ్లు గురువుగారింట్లో రంగులు నూరాలి. పాట పాడాలంటే గొంతులో కాపురమున్న కప్పలన్నిటినీ ఒక్కొక్కటిగా ఖాళీ చేయించాలి. ఈలోగా జుట్టు నెరిసేది, చూపు మందగించేది. ఇంతా చేసి వాడు గీసిన ఆవు అచ్చం ఆవులాగే ఉండేది! దానికోసమా ఇంత అవస్థ? ఆవులాంటి ఆవు ఆవు దగ్గరే ఉందిగా!

ఇప్పుడా బాధ లేదు. ఆదివారం పదింటికి వెళితే పన్నెండున్నరకల్లా ఆర్టిస్టు అయి ఇంటికి వచ్చేస్తాం. మధ్యలో బిస్కెట్లు కూడా ఇస్తారు.

నేనూ అయినవాణ్ణే. మెడలో కార్డు ఉంది, చూడండి: ‘కమ్యూనిటీ ఆర్టిస్ట్’. ముప్ఫై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో టిక్కెట్లు చింపినవాణ్ణి, నన్ను పట్టుకుని అప్పటిదాకా ఆ మాట అన్నవాడు లేడు. మా ఊరి ఒంటిగది బళ్లో మాస్టారు ఒకసారి ఏనుగు గీయమన్నారు. గీశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, పలకని అటూ ఇటూ తిప్పి, “కూజా బాగా కుదిరిందిరా, మరి కాళ్లెందుకు పెట్టావు?” అన్నారు. ఆయన బతికుంటే ఈ కార్డు తీసుకెళ్లి ఆయన ముక్కు ముందు ఆడించేవాణ్ణి.

మా వీధిలో మనుషులు రెండొందల పది మంది. ఆర్టిస్టులు రెండొందల పద్నాలుగు మంది. ఆ మిగతా నలుగురూ ఎవరని అడక్కండి. ఒకడు రెండు ఫారాలు నింపి ఉంటాడు. ముగ్గురు ఇంకా పుట్టాలి.

మా స్కూటర్ మెకానిక్కునే తీసుకోండి. ఒక స్కూటర్ని మొత్తం ఊడదీశాడు. మళ్లీ బిగించడం చేతకాలేదు. ఇదివరకైతే ఏం చేసేవాడు? షట్టరు దించి పారిపోయేవాడు. ఇప్పుడు ఆ ముక్కలన్నీ నేలమీద పరిచి, చుట్టూ సుద్దతో గీత గీసి, ‘విచ్ఛిన్నం’ అని అట్ట పెట్టాడు. బండి ఓనరు ఆఫీసు నుంచి వస్తే, “ముట్టుకోకండి సార్, ఎగ్జిబిట్!” అన్నాడు. ఆ ఓనరు నెత్తి బాదుకున్నాడా? లేదు! తన స్కూటర్ పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, నడుచుకుంటూ ఇంటికెళ్లాడు.

ఇక మా ఆవిడ డాబా మీద ఆరేసిన దుప్పట్ల ముందు ఒకాయన ముప్పావుగంట నిలబడ్డాడు. గడ్డం నిమురుకున్నాడు. వంగి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. మా ఆవిడ వెళ్లి, “బాబూ, పక్కకి జరిగితే తీసుకుంటాను, మబ్బు పట్టింది” అంటే, “అమ్మా, తీసేయడం కూడా ఇందులో భాగమేనా?” అని అడిగాడు. “మడతపెట్టడం కూడా” అంది మా ఆవిడ. ఆయన దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఇస్త్రీ షాపు మేడ మీద గదికి ఇప్పుడు ‘స్పేస్’ అని పేరు. అక్కడ శనివారం సాయంత్రాలు నలభై కుర్చీలు వేస్తారు, నలభై మంది కవులు వస్తారు. ఎవరి కవిత వాళ్లు చదివి, ఎవరి చెప్పులు వాళ్లు వేసుకుని వెళ్లిపోతారు. ఆఖరి కవికి మిగిలేది మూలనున్న స్టాండు ఫ్యాను ఒక్కటే. అది అటూ ఇటూ తల ఊపుతూ చాలా శ్రద్ధగా వింటుంది. దీన్ని కూడా కొందరు వెటకారం చేస్తున్నారు! చూసేవాళ్లూ, వినేవాళ్లూ అనే సోమరిపోతుల జాతి మొత్తం అంతరించిపోయిందంటే సంతోషించక, ఏడుపెందుకు?

అయితే నా ఇంట్లోనే ఈ కొత్తగాలి పడనివాడు ఒకడున్నాడు. వాడి సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు కదలదు. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది. వృత్తి బోర్డులు రాయడం. పధ్నాలుగో ఏట కుంచె పట్టాడు, ఈ అరవై రెండో ఏట కూడా దించలేదు. అందరూ వాణ్ణి ‘కుంచె’ అనే పిలుస్తారు.

ఒకప్పుడు ఈ నగరంలో వాడి చెయ్యి పడని షాపు లేదు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. వాడి బోర్డులు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. ఆఖరికి వాడి అక్షరాలు మిగిలింది ఒకే ఒక్క గోడ మీద. అది మా వీధి మలుపులో, పదిహేనేళ్ల కిందట మూసేసిన కుట్టుమిషన్ల షాపు పక్కగోడ. ‘కుట్టు మిషన్లు రిపేరు చేయబడును’ అని పసుపు అక్షరాలు, వాటికి ఎర్రటి నీడ, పక్కన నల్లటి మిషను బొమ్మ.

ఆ అక్షరాల గురించి నేను చెబితే అతిశయోక్తి అంటారు. కాబట్టి జరిగింది మాత్రమే చెబుతాను. ఒక గాలివానకి ఆ గోడ మూరెడు పక్కకి ఒరిగింది. అక్షరాలు మాత్రం నిటారుగానే ఉన్నాయి. వాటిని చూసి గోడకే సిగ్గేసి, నాలుగు రోజుల్లో మెల్లగా సర్దుకుని నిటారుగా నిలబడింది. నేను కళ్లారా చూడలేదు. కానీ పాతికేళ్లుగా నేనే అందరికీ చెబుతున్నాను కాబట్టి నమ్మక తప్పడం లేదు.

సరే. రెండు నెలల కిందట మా వీధికి ఒక కళాబృందం వచ్చింది. వాళ్లకి ఒక కో-ఆర్డినేటరమ్మాయి. చాలా మంచి పిల్ల, ఎవరు ఏం చెప్పినా గుండెల మీద చెయ్యి వేసుకుని వింటుంది. వీధిలో ఒక పెద్ద బొమ్మ వేయాలి, వీధివాళ్లందరూ తలా కాస్తా రంగు పూయాలి. దానికొక గోడ కావాలి, గోడకొక సంతకం కావాలి. వీధి సంఘం అధ్యక్షుణ్ణి నేనే. ఎన్నిక ఏకగ్రీవం. ఆ మీటింగులో నాకు కునుకు పట్టింది. వద్దు అననివాణ్ణి నేనొక్కణ్ణే.

మలుపులో గోడ ఆ అమ్మాయికి తెగ నచ్చింది. “ఎంత నున్నగా ఉందో చూడండి అంకుల్!” అంది. నున్నగా ఉండదూ? అక్షరాలు రాయడానికి ముందు మా కుంచెగాడు దానికి మూడు రోజులు గరుకు కాగితం పెట్టి రుద్దాడు మరి.

నాలుగు పేజీల ఫారం ఇచ్చింది. మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: ‘ఈ గోడ మీద ప్రస్తుతం ఏదైనా కళాఖండం ఉన్నదా? ఉన్నది / లేదు.’

నేను చాలా నిజాయితీగా ఆలోచించాను. కళాఖండం అంటే ఏమిటి? చూడగానే అర్థం కాకూడదు. పక్కన ఒకరు నిలబడి అరగంట విడమరిచి చెప్పాలి. ఇదేమో బస్సులో వెళ్లేవాడికి కూడా అర్థమైపోతోంది! చదువు రానివాడికి కూడా మిషను బొమ్మ చూసి అర్థమైపోతోంది! ఇంత సులువుగా అర్థమయ్యేదాన్ని కళ అంటే కళకి అవమానం కాదూ?

‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాను. పెట్టగానే మెడలో కార్డు వేసింది. నిజం చెప్పొద్దూ, ఆ కార్డు నీలం తాడు నాకు బాగా నప్పింది.

మర్నాడు పొద్దున్నే కుంచెగాడు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“బావా, ఆ గోడకి సున్నం కొట్టేస్తారటగా?”

“సున్నం కాదురా, ప్రైమరు. కళకి ముందు కొట్టేది.”

“మరి నాది?”

“నీది ప్రకటనరా.”

“షాపు మూసి పదిహేనేళ్లయింది. షాపాయన పోయి పదేళ్లయింది. అది ఇంకా ఎవరికి ప్రకటన చేస్తోంది బావా?”

నేను మెడలో కార్డు సరిచేసుకున్నాను.

“ఉన్నదొక్కటే” అన్నాడు వాడు. “నీకు తెలుసు కదా. నేను అడ్డం పడను. ఒక్క అక్షరాల వరస వదిలేసి, పైనా కిందా వాళ్లిష్టం వచ్చింది వేసుకోమను. అంతే.” కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు.

లోపల్నుంచి మా ఆవిడ వచ్చింది. “లేదు అని టిక్కు పెట్టారటగా?” అంది. ఆ మధ్యాహ్నం భోజనం పెట్టింది, పెరుగు మాత్రం పెట్టలేదు.

అధ్యక్షుణ్ణి కదా, ఊరుకుంటానా? ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి చెప్పాను: అది మా బావమరిది రాసింది, ఊళ్లో వాడి చేతివి అవే మిగిలాయి, ఒక్క వరస వదిలేయండమ్మా అని. ఆ పిల్ల రెండు చేతులూ గుండెల మీద వేసుకుంది.

“వావ్, అంకుల్! ఆయన సైన్ పెయింటరా? మా థీమే అది! ‘మాయమైపోతున్న చేతులు’!”

అంటూ ల్యాప్‌టాప్ తెరిచి డిజైను చూపించింది. నిచ్చెన మీద ఒక ముసలాయన, చేతిలో కుంచె, గోడ మీద అక్షరాలు రాస్తున్నాడు. ఆ అక్షరాలు కంప్యూటర్లోవి.

అర్థమైందా? బోర్డులు రాసేవాడి బొమ్మ వేయాలి కాబట్టి బోర్డు రాసేవాడు రాసినది చెరిపేయాలి! ఇంత లోతైన ఆలోచన పనితనం ఉన్నవాడికి వస్తుందా చెప్పండి?

“ఆయన్ని తప్పకుండా పిలవండి అంకుల్. ఆయన కథ రికార్డు చేయాలి” అంది. వరస సంగతి అడిగాను. “టీమ్‌తో మాట్లాడతాను” అంది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. బస్సు ఆగదు అని తెలిసి కూడా ‘ముందు స్టాపులో చూద్దాం’ అని నేను ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పాను.

కుంచెగాణ్ణి పిలిచారు. వచ్చాడు. ఎందుకొచ్చాడంటే, మాట్లాడితే వదిలేస్తారేమో అన్న ఆశ. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. గోడకి ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఫోను స్టాండుకి బిగించారు. అమ్మాయి గోడ వైపు వీపు పెట్టి కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఆమె వెనకాల ఇద్దరు వాలంటీర్లు, ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులట, రోలర్లు ముంచి ఎడమ చివర నుంచి మొదలుపెట్టారు.

“సార్, ఈ కళ కనుమరుగైపోవడం మీకు ఎలా అనిపిస్తోంది?”

వాడు ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు. ‘కుట్టు మిషన్లు’ పోయింది.

“ఐదు పోయాయమ్మా. ఇంకా ఎనిమిదున్నాయి” అన్నాడు.

“ఎంత కవితాత్మకంగా చెప్పారు సార్!” అంది ఆ పిల్ల, కళ్లనీళ్లతో. నిజంగానే కళ్లనీళ్లు. ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే కారణం కూడా కనబడేది.

మధ్యలో వాలంటీర్లు టీకి ఆగారు. అప్పటికి గోడ మీద ‘చేయబడును’ ఒక్కటే మిగిలింది. ఏది, ఎవరిచేత అన్నది గోడ చెప్పలేదు. నేను మెడలో కార్డుని మెల్లగా చొక్కా లోపలికి తోసుకున్నాను. టీ అయ్యాక ఆ మాట కూడా పోయింది. ఇంటర్వ్యూ నలభై నిమిషాలు వచ్చింది. చాలా బాగా వచ్చిందట.

తర్వాతి ఆదివారం రంగుల పండగ. గోడంతా పెన్సిలు గీతలు, గీతల మధ్య గళ్లు, గళ్లలో నంబర్లు. నంబరు చూసుకుని ఆ నంబరు కప్పులో రంగు ఆ గడిలో పూయడమే. ఒకటి నీలం, నాలుగు ఆకుపచ్చ, ఏడు నారింజ. ఎంత గొప్ప ఏర్పాటు! మెకానిక్ వచ్చాడు, ఇస్త్రీ షాపాయన వచ్చాడు, నలభై మంది కవులూ వచ్చారు. మా ఆవిణ్ణి పిలిస్తే, “నాకు ఇంట్లో రంగు వెలిసిన గోడలు నాలుగున్నాయి, తీరికున్నవాళ్లని ఇటు పంపండి” అంది.

కుంచెగాడికి ఏడో నంబరు కప్పు ఇచ్చారు. నిచ్చెన మీది ముసలాయన మోచెయ్యి వాడి వాటా. వాడు కప్పు పట్టుకుని ఆ బొమ్మని కింది నుంచి పైదాకా చూశాడు.

“బావా, ఈయన ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడేం?”

“ఏమోరా, చలేస్తోందేమో.”

“ఎడం చేత్తో కర్ర పట్టుకుంటేనే కదా దాని మీద కుడి చెయ్యి ఆనేది? మరి కుడి చెయ్యి దేని మీద ఆనించాడు?”

“గాలి మీద.”

“గాలి మీద చెయ్యి ఆనించి గీత గీసేవాడు ఎక్కడున్నాడో చెప్పు, వెళ్లి కాళ్లకి దండం పెట్టుకొస్తాను.”

అమ్మాయి విని, “అది సింబాలిక్ సార్” అంది.

“అలాగా తల్లీ” అని, వాడు కప్పు నా చేతిలో పెట్టాడు. మోచెయ్యి నేనే నింపాను. కాస్త భుజం దాకా పోయింది, కాస్త నిచ్చెనకి అంటింది. రంగు కిందికి కారుతుంటే వాడి చెయ్యి దానంతటదే లేచి, బొటనవేలితో ఆ చారని తుడిచేసింది. తర్వాత వేలు చూసుకుని, ప్యాంటుకి రాసుకుని, వెనక్కి జరిగి నిలబడ్డాడు. అందరూ నా ఫోటో తీశారు.

బొమ్మ పూర్తయింది. ఆవిష్కరణ మర్నాటి సాయంత్రం నాలుగింటికి. అప్పుడు గుర్తొచ్చింది, పాల్గొన్న నూట పద్దెనిమిది మంది పేర్లూ గోడ అడుగున నీలం పట్టీ మీద రాయాలని! ఆర్టిస్టుల పేర్లు లేకపోతే అది ఆర్టు ఎలా అవుతుంది? వాలంటీర్లు కుంచెలు పట్టుకుని మొదలుపెట్టారు. మొదటి పేరు బాగానే ఉంది. రెండోది వంగింది. మూడోది మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లిపోతోంది. మూడింటినీ మళ్లీ నీలంతో కప్పేశారు.

రెండొందల పద్నాలుగు మంది ఆర్టిస్టులున్న వీధిలో పేరు రాయగలిగినవాడు ఒక్కడు దొరకలేదు!

అమ్మాయి మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. “అంకుల్, మీ బావమరిది సార్ రాస్తారా?”

వాడు రాడనుకున్నాను. మర్నాడు ఏడింటికల్లా వచ్చాడు. మడత కుర్చీ, కర్ర, మూడు కుంచెలు, చిన్న డబ్బాలో తెల్ల ఎనామిలు రంగు. సుద్ద పూసిన దారం ఒక చివర నాకిచ్చి, “బిగించి పట్టుకో బావా, అధ్యక్షుడిలా ఊగకు” అన్నాడు. రెండో చివర తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలాడు. పట్టీ మీద ఇటు చివర నుంచి అటు చివరకి సన్నటి గీత పడింది. అలాంటివి పన్నెండు గీతలు. కర్ర గోడకి ఆనించి, దాని మీద మణికట్టు ఆనించి, మొదటి పేరు మొదలుపెట్టాడు.

తొమ్మిదయ్యేసరికి వీధి మొత్తం అక్కడే ఉంది. నా జన్మలో ఆ గోడ ముందు అంతమందిని చూడలేదు.

“నాది ఎన్నో వరసలో వస్తుంది?”

“కాస్త పెద్దగా రాయండి సార్, ఇంటిపేరు కూడా.”

“వాడి పక్కన నా పేరు వద్దండీ, నిరుడు నుంచీ మాటల్లేవు.”

ఎవరి పేరు రాగానే వాళ్లు దాని పక్కన గొంతుక్కూర్చుని ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. మెకానిక్ తన పేరు మీద వేలు పెట్టబోతే తడిగా ఉందని కుంచెగాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. చెయ్యి పట్టుకున్నవాడి ముఖం కూడా మెకానిక్ చూడలేదు. పేరే చూస్తున్నాడు.

ఒక్క మా ఆవిడ మాత్రం తమ్ముడికి మంచినీళ్లు తెచ్చి, గంటసేపు అక్కడే నిలబడింది. ఆ జాబితాలో ఆమె పేరు లేదు. పేర్ల వైపు చూడను కూడా లేదు. వాడి మణికట్టు కదలడం చూస్తూ నిలబడింది.

మూడున్నరకి ఆఖరి పేరు అయింది. నాలుగింటికి ముఖ్య అతిథి వచ్చి, ఈ గోడని ప్రజలే వేశారని, ప్రతి ఒక్కరిలో ఒక కళాకారుడు నిద్రపోతున్నాడని చెప్పారు. చప్పట్లు కొట్టాం. అందరూ ఎవరి బిస్కెట్లు వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

నేను పట్టీ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. నూట పద్దెనిమిది పేర్లు, ఒక్కటంటే ఒక్కటి గీత దాటలేదు. నా పేరు రెండో వరసలో ఉంది. మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంకోసారి చదివాను. వాడు రోడ్డు వారగా కూర్చుని కిరసనాయిల్లో కుంచెలు కడుక్కుంటున్నాడు.

“ఒరేయ్, నీ పేరేదిరా?”

“పాల్గొన్నవాళ్ల పేర్లు కదా బావా ఇవి?”

“అవును.”

“నేను పాల్గొనలేదుగా” అన్నాడు, కుంచె కొసని వేళ్ల మధ్య మొనదేల్చుకుంటూ. “పని చేశాను.”

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ గోడ దగ్గరికి వెళుతున్నాను. పైనున్న బొమ్మ వైపు ఇంతవరకూ తల ఎత్తలేదు. కింద పట్టీ ముందు మోకాళ్లు పట్టేసేదాకా వంగి నిలబడతాను. దారిన పోయేవాళ్లు ఏం చూస్తున్నారని అడుగుతారు.

నా పేరు చూసుకుంటున్నానని చెబుతాను. ఈ వీధిలో అదైతే అందరికీ వెంటనే అర్థమవుతుంది.